ప్రసార స్వయంచాలన

ప్రసార స్వయంచాలన అనగా రేడియో, టెలివిజన్ కేంద్రాలలో కార్యక్రమాలను, పాటలను, ప్రకటనలను ముందుగా తయారు చేసిన పట్టిక ప్రకారం యంత్రమే ఒకదాని వెంట ఒకటిగా ప్రసారం చేసే పద్ధతి. ఇందుకు వాడే కంప్యూటరు ప్రోగ్రాములను ప్రసార స్వయంచాలన సాఫ్టువేరు అంటారు. అర్ధరాత్రి దాటిన తరువాత రేడియోలో పాట వినిపిస్తున్నదంటే ఆ వేళకు స్టూడియోలో ఎవరో ఒకరు కూర్చొని ఉన్నారని శ్రోతలు సహజంగా అనుకుంటారు. నేడు ప్రపంచంలోని అనేక కేంద్రాలలో ఆ వేళకు ఎవరూ ఉండరు. పాట, పాట తరువాతి మాట, ఆ మాట తరువాతి ప్రకటన అన్నీ కంప్యూటరు నుండే వస్తాయి. మామూలు రోజులలో దీనివలన శ్రోతకు కలిగే ఇబ్బంది ఏమీ లేదు. అనుకోనిది జరిగిన రోజున మాత్రం పరిస్థితి వేరుగా ఉంటుంది.

చేతులతో నడిచిన ప్రసారం

స్వయంచాలన రాక పూర్వం రేడియో కేంద్రపు నియంత్రణ గదిలో రెండు మూడు గ్రామఫోను పళ్ళేలు, టేపు యంత్రాలు, ధ్వనుల స్థాయిని సరిచేసే మిక్సరు, ఎదురుగా గోడ గడియారం ఉండేవి. ఆకాశవాణి కేంద్రాలలో ఏ గంటకు ఏ టేపు, దాని నిడివి ఎంత అనే వివరాలు క్యూషీటులో ఉండేవి. అనౌన్సరు ఒక రికార్డు ముగుస్తుండగా మరొక దానిని సిద్ధం చేసుకొనేవారు. డ్యూటీ ఆఫీసరు ప్రసారమంతా వింటూ లోపాలను పుస్తకంలో రాసేవారు. టేపు తెగినా, ప్రసంగం రెండు నిమిషాలు ముందుగా ముగిసినా వాద్య సంగీతంతో ఆ ఖాళీని నింపేవారు.

టెలివిజన్‌లో ఇది మరింత కష్టమైన పని. వీడియో టేపు యంత్రం నడవడం మొదలైన వెంటనే బొమ్మ నిలకడగా రాదు. అందుచేత దానిని కొన్ని సెకనుల ముందుగా కదిలించి, సరిగ్గా సమయానికి ప్రసారంలోకి మార్చాలి. పది సెకనుల ప్రకటనలు వరుసగా ఆరు ఉంటే ఒక్క నిమిషంలో ఆరుసార్లు ఈ పని చేయాలి. ప్రకటనల సంఖ్య పెరిగిన కొద్దీ పొరపాట్లు పెరిగాయి. ప్రసారం కాని ప్రకటనకు సొమ్ము రాదు కాబట్టి యాజమాన్యాలు యంత్రం వైపు చూడడానికి మొదటి కారణం ఇదే.

టేపుల కాలం

రేడియోను స్వయంచాలితం చేయడానికి తొలినాళ్ళలో కృషి చేసిన వారిలో అమెరికాకు చెందిన పాల్ షేఫర్ ముఖ్యుడు. 1950ల దశకంలో ఆయన రూపొందించిన వ్యవస్థలు కంప్యూటరు లేకుండానే, విద్యుత్ రిలేలు, స్విచ్చులతో పనిచేసేవి. పెద్ద టేపు చుట్టపై పాటలను వరుసగా రికార్డు చేసి, ప్రతి పాట చివర 25 హెర్ట్‌జుల ధ్వనిని నమోదు చేసేవారు. అంత తక్కువ పౌనఃపున్యం గల ధ్వనిని ఇళ్ళలోని రేడియోలు వినిపించలేవు. పైగా ప్రసారానికి ముందే దానిని వడపోసేవారు. ఆ ధ్వనిని గుర్తించిన యంత్రం ఈ టేపును ఆపి పక్క టేపును కదిలించేది.

1959 ప్రాంతంలో వచ్చిన కార్ట్ అనే టేపు పెట్టె ఈ పనిని సులభం చేసింది. ఇందులో టేపు రెండు కొసలు కలిపి ఉంటాయి కాబట్టి ఒకసారి పాడి ముగించగానే మళ్ళీ మొదటికే వచ్చి ఆగుతుంది. ఒక్కొక్క ప్రకటన ఒక్కొక్క పెట్టెలో ఉండేది. సమయం చెప్పడానికి కూడా ఇటువంటి యంత్రాలు రెండు ఉండేవి. ఒకదానిలో సరి సంఖ్య నిమిషాలు, మరొకదానిలో బేసి సంఖ్య నిమిషాలు రికార్డు చేసి ఉండేవి. ఒకటి సమయం చెబుతుండగా రెండవది తరువాతి నిమిషానికి జరిగి సిద్ధంగా నిలిచేది. యంత్రం ఒక అడుగు తప్పితే తెల్లవారే వరకు తప్పు సమయాన్నే నమ్మకంగా చెప్పే ప్రమాదమూ ఉండేది.

అమెరికాలో ఈ వ్యవస్థలు విస్తరించడానికి ఒక ప్రభుత్వ నిబంధన తోడ్పడింది. అప్పటి యజమానులు తమ ఏఎం కేంద్రపు కార్యక్రమాలనే ఎఫ్ఎం కేంద్రంలోనూ ప్రసారం చేసేవారు. లక్ష జనాభా దాటిన నగరాలలో ఎఫ్ఎం సమయంలో సగానికి మించి ఇలా చేయరాదని 1960ల మధ్యలో అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ నిర్ణయించింది. ఎఫ్ఎం శ్రోతలు అప్పటికి తక్కువ. వారికోసం వేరుగా సిబ్బందిని నియమించడం ఇష్టం లేని యజమానులు యంత్రాలను కొన్నారు. శ్రోతలకు వైవిధ్యం అందించాలని చేసిన నిబంధన మనుషులు లేని కేంద్రాలకు దారి తీయడం గమనించదగినది.

టెలివిజన్‌లో 1970ల నాటికి ఆర్‌సీఏ, ఆంపెక్స్ సంస్థలు చిన్న వీడియో టేపు పెట్టెలను వరుసగా ప్రసారం చేసే యంత్రాలను తయారు చేశాయి.

కంప్యూటరు రాక

తొలుత కంప్యూటరు టేపు యంత్రాలకు ఆజ్ఞలు ఇచ్చే పనికే పరిమితమైంది. ధ్వనినే కంప్యూటరులో నిలువ చేయడానికి అప్పటి హార్డు డిస్కులు చాలవు. సెకనుకు 48,000 నమూనాల చొప్పున 16 బిట్ల స్టీరియోలో రికార్డు చేసిన నాలుగు నిమిషాల పాటకు సుమారు 46 మెగాబైట్ల చోటు కావాలి. 1990ల ఆరంభంలో అది చిన్న విషయం కాదు. చెవి పట్టించుకోని సమాచారాన్ని తొలగించి ధ్వనిని కుదించే ఎంపెగ్ పద్ధతులు వచ్చాక, సెకనుకు 256 కిలోబిట్ల చొప్పున అదే పాట 8 మెగాబైట్లలోపే ఇమిడింది. ఆ దశకంలోనే టేపులు క్రమంగా స్టూడియోలను వదిలిపోయాయి. 1990లో పారిస్‌లో మొదలైన డాలె వంటి సంస్థలు ఈ మార్పుతోపాటు ఎదిగాయి. దృశ్యానికి ఇంకా ఎక్కువ చోటు కావాలి కాబట్టి టెలివిజన్ కేంద్రాలలో డిస్కు సర్వర్లు 1990ల మధ్య నుండి గాని వాడుకలోకి రాలేదు.

పనిచేసే విధానం

స్వయంచాలన వ్యవస్థకు గుండెకాయ వంటిది ప్రసార పట్టిక. దీనిని ప్లేలిస్టు అని కూడా అంటారు. ఇది ఒకే చోట తయారు కాదు. ప్రకటనల విభాగం ఏ ప్రకటన ఎప్పుడు రావాలో నిర్ణయిస్తుంది. రెండు పోటీ సబ్బుల ప్రకటనలు పక్కపక్కన రాకుండా చూడడం కూడా దాని పనే. పాటలను, కార్యక్రమాలను మరొక విభాగం అమరుస్తుంది. ఈ రెండింటిని కలిపితే ఆ రోజు పట్టిక సిద్ధమవుతుంది.

ప్రతి అంశానికి దాని నిడివి, ఎక్కడ మొదలుపెట్టాలి, తరువాతి అంశం ఎక్కడ అందుకోవాలి అనే వివరాలను ముందే నమోదు చేస్తారు. పాటలో గాత్రం మొదలయ్యే లోపు వాద్యధ్వని ఎన్ని సెకనులున్నదో కూడా అందులో ఉంటుంది. ప్రయోక్త మాట పాటలోని మొదటి పలుకుపై పడకుండా ఆగేది ఈ లెక్క వలననే. పాట నెమ్మదిగా ముగిసేటప్పుడు దానికి గుర్తు పెట్టడంలో పొరపాటు జరిగితే చివరి చరణం తెగిపోతుంది, లేదా నాలుగు సెకనుల నిశ్శబ్దం వస్తుంది. పాటను పూర్తిగా విని గుర్తు పెట్టే ఓపిక గల ఉద్యోగి ఉన్న కేంద్రానికీ, లేని కేంద్రానికీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

టెలివిజన్‌లో పట్టికను ఫ్రేముల లెక్కన పాటించాలి. భారతదేశంలో సెకనుకు 25 ఫ్రేముల చొప్పున గంటకు 90,000 ఫ్రేములు. సాఫ్టువేరు జీపీఎస్ ద్వారా అందే సమయాన్ని అనుసరిస్తూ సర్వరును, స్విచ్చరును, ఛానెల్ గుర్తును, తెర అడుగున కదిలే అక్షరాలను ఏకకాలంలో నడుపుతుంది. వేర్వేరు కంపెనీల పరికరాలు ఒకదాని మాట మరొకటి వినడానికి కొన్ని ఉమ్మడి భాషలు ఏర్పడ్డాయి. సోనీ సంస్థ టేపు యంత్రాల కోసం రూపొందించిన తొమ్మిది పిన్నుల పద్ధతి, సర్వర్ల కోసం లౌత్ సంస్థ రూపొందించిన వీడీసీపీ, వార్తా విభాగాల కోసం 1990ల చివర వచ్చిన మాస్ వీటిలో ప్రసిద్ధమైనవి.

ప్రసారం ముగిశాక ఏ అంశం ఏ క్షణాన వెళ్ళినదో చిట్టా తయారవుతుంది. ప్రకటనదారుకు బిల్లు పంపడానికి ఇదే ఆధారం. భారతదేశపు కేబుల్ టెలివిజన్ నియమాల ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండరాదు. అందులో 2 నిమిషాలు ఛానెల్ సొంత ప్రచారానికి సంబంధించినవి. ఈ పరిమితిని పాటించినదీ లేనిదీ తేల్చడానికి కూడా ఇటువంటి చిట్టాలు ఉపయోగపడతాయి.

పాటల ఎంపిక

పాటల వరుసను నిర్ణయించే సాఫ్టువేరులో పేరుపొందినది సెలెక్టర్. దీనిని రూపొందించిన ఆర్‌సీఎస్ సంస్థ 1979లో అమెరికాలో ప్రారంభమైంది. ఒకే గాయకుని పాటలు దగ్గరదగ్గరగా రాకూడదు, నిన్న ఉదయం వచ్చిన పాట నేడు అదే గంటకు రాకూడదు అనే నియమాలను ఇస్తే కంప్యూటరు వాటికి లోబడి పాటలను ఏరుతుంది.

ఈ నియమాలు పాశ్చాత్య సంగీతాన్ని దృష్టిలో పెట్టుకొని చేసినవి. అక్కడ పాటకు గాయకుడే గుర్తు. తెలుగు సినిమా పాటలకు ఇదే నియమం యథాతథంగా పెడితే చిక్కు వస్తుంది. 1980ల పాటలలో పురుష గళం అత్యధికంగా ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానిదే. గంటలో ఆయన పాట ఒకటే రావాలంటే పట్టిక నిండదు. అందువలన గాయకుని బదులు సంగీత దర్శకుడు, చిత్రం, కథానాయకుడు అనే వాటి మధ్య దూరం పాటించడం మేలు. పేర్లను రోమన్ లిపిలో రాసుకొనే చోట మరొక సమస్య ఉన్నది. ఒకే పాట పల్లవిని ముగ్గురు మూడు విధాలుగా రాస్తే కంప్యూటరు దానిని మూడు పాటలుగా లెక్కిస్తుంది. శ్రోత మాత్రం ఒకే పాటను ఒకే పూట మూడుసార్లు వింటాడు.

మైనాట్ ప్రమాదం

స్వయంచాలనపై జరిగిన చర్చలలో అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రపు మైనాట్ పట్టణం తరచుగా ప్రస్తావనకు వస్తుంది. 2002 జనవరి 18న అర్ధరాత్రి దాటి సుమారు ఒకటిన్నర గంటల వేళ పట్టణం అంచున సరుకు రైలు పట్టాలు తప్పింది. 112 పెట్టెలలో 31 పడిపోయాయి. అన్‌హైడ్రస్ అమోనియా నింపిన అయిదు ట్యాంకులు పగిలి విషవాయువు మేఘంలా ఇళ్ళ మీదికి వ్యాపించింది. ఒకరు మరణించారు. మూడు వందల మందికి పైగా గాయపడ్డారు. అటువంటి వేళ ఇంటి నుండి బయటకు రావడమే ప్రమాదకరం. తలుపులు, కిటికీలు మూసుకొని లోపలే ఉండాలన్న ఒక్క మాట ప్రజలకు చేరవలసి ఉన్నది.

పట్టణంలోని ఆరు వాణిజ్య రేడియో కేంద్రాలూ క్లియర్ ఛానెల్ అనే ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. పోలీసులు అత్యవసర ప్రకటనలకు నిర్దేశించిన కేంద్రానికి ఫోను చేశారు. ఎవరూ పలకలేదని వారు చెప్పారు. రేడియో పెట్టినవారికి హెచ్చరికకు బదులు మామూలు కార్యక్రమాలే వినిపించాయి.

సంస్థ వాదన వేరు. ఆ రాత్రి కేంద్రంలో ఉద్యోగి ఉన్నారని, శ్రోతల ఫోనులతో లైన్లు నిండిపోయాయని, రేడియో సిబ్బందితో పని లేకుండా హెచ్చరికను నేరుగా ప్రసారం చేయగల పరికరాన్ని పోలీసులు సిద్ధం చేసుకోలేదని సంస్థ ప్రతినిధులు చెప్పారు. ఈ వాదనను తోసిపుచ్చడానికి వీలు లేదు. అత్యవసర హెచ్చరిక వ్యవస్థ కూడా ఒక విధమైన స్వయంచాలనే. ఒక యంత్రం పంపిన సంకేతాన్ని మరొక యంత్రం అందుకొని ప్రసారాన్ని తన చేతిలోకి తీసుకుంటుంది. ఆ రాత్రి ఆ గొలుసు తెగింది. తెగినపుడు ఆదుకోవలసిన మనుషులు ఆరు కేంద్రాలకు కలిపి చాలినంతమంది లేరన్నది విమర్శకుల మాట.

ఈ పరిస్థితి ఒక్కనాటిలో రాలేదు. ప్రసార పరికరాలను ఎవరూ కనిపెట్టి ఉండకుండానే నడపడానికి 1995లో కమిషన్ అనుమతించింది. 1996 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టం దేశం మొత్తం మీద ఒక సంస్థ ఎన్ని రేడియో కేంద్రాలు కలిగి ఉండవచ్చునన్న పరిమితిని తొలగించింది. క్లియర్ ఛానెల్ కేంద్రాల సంఖ్య 1,200 దాటింది. ఒక నగరంలోని ప్రయోక్త మరొక నగరం కోసం మాటలను ముందుగా రికార్డు చేసి పంపే పద్ధతి విస్తరించింది. గంటల కార్యక్రమానికి కావలసిన మాటలను కొద్ది నిమిషాలలో చెప్పి ముగించవచ్చు.

సెనేటర్ బైరన్ డోర్గన్ తన రాష్ట్రంలో జరిగిన ఈ ఉదంతాన్ని ప్రసార సంస్థల యాజమాన్యంపై జరిగిన చర్చలలో ప్రస్తావించారు. సామాజిక శాస్త్రవేత్త ఎరిక్ క్లైనెన్‌బర్గ్ 2007లో ప్రచురించిన ఫైటింగ్ ఫర్ ఎయిర్ అనే గ్రంథంలో దీనిని వివరించారు. అయినప్పటికీ ధోరణి మారలేదు. ప్రతి కేంద్రానికి స్థానికంగా స్టూడియో ఉండాలన్న పాత నిబంధనను కూడా 2017లో కమిషన్ రద్దు చేసింది.

దాడులు, వైఫల్యాలు

టేపు యంత్రం చెడితే ఒక కార్యక్రమం ఆగేది. అన్నీ ఒకే కంప్యూటరు వలయంలో ఉన్నపుడు అన్నీ కలిసి ఆగుతాయి. 2015 ఏప్రిల్ 8 రాత్రి ఫ్రాన్సుకు చెందిన టీవీ5 మోండ్ సంస్థపై జరిగిన దాడిలో దాని 12 ఛానెళ్ళు మూగబోయాయి. దాడి చేసినవారు ముందే వలయంలోకి చొరబడి ప్రసార పరికరాలు పనిచేయకుండా చేశారు. తొలుత ఒక ఉగ్రవాద ముఠా పేరు వినిపించినా, రష్యాకు చెందిన హ్యాకర్ల బృందమే ఇందుకు కారణమని తరువాతి పరిశోధన సూచించింది. ఆనాడే సంస్థ ఒక కొత్త ఛానెల్‌ను ప్రారంభించినందున సాంకేతిక నిపుణులు పొద్దుపోయే వరకు కార్యాలయంలోనే ఉన్నారు. వారిలో ఒకరు దాడికి మూలమైన యంత్రాన్ని కనిపెట్టి వలయం నుండి తీసివేశారు. లేకుంటే నష్టం ఇంకా పెద్దదై ఉండేదని సంస్థ అధిపతి ఈవ్ బిగో చెప్పారు.

2013 ఫిబ్రవరిలో అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో టెలివిజన్ చూస్తున్నవారికి, చనిపోయినవారు సమాధుల నుండి లేచి వస్తున్నారన్న అత్యవసర హెచ్చరిక వినిపించింది. హెచ్చరిక పరికరాలకు తయారీదారు పెట్టిన పాస్‌వర్డును మార్చకుండా అలాగే ఉంచడంతో ఆకతాయిలు లోపలికి రాగలిగారు.

శత్రువు లేకుండానే జరిగిన ప్రమాదాలూ ఉన్నాయి. 2021 సెప్టెంబరు 25న లండన్‌లో రెడ్ బీ మీడియా నిర్వహిస్తున్న ప్రసార కేంద్రంలో మంటలను ఆర్పే వాయువు ఒక్కసారిగా విడుదలైంది. ఆ శబ్ద తరంగం ధాటికి హార్డు డిస్కులు దెబ్బతిన్నాయి. ఛానెల్ 4 ప్రసారాలు తిరిగి మొదలైనా, వినికిడి లోపం గలవారు ఆధారపడే ఉపశీర్షికలు వారాల తరబడి సక్రమంగా రాలేదు. ప్రత్యామ్నాయ ఏర్పాటు కూడా విఫలమవడమే ఇందుకు కారణం. మరుసటి సంవత్సరం బ్రిటన్ నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ ఛానెల్ 4ను తప్పుపట్టింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన దోషపూరితమైన నవీకరణ వలన విండోస్ కంప్యూటర్లు ఆగిపోయినపుడు, బ్రిటన్‌లో స్కై న్యూస్ ప్రత్యక్ష ప్రసారాలు కొన్ని గంటలు నిలిచిపోయాయి.

ఇటువంటి ప్రమాదాలకు విరుగుడుగా రెండు సర్వర్లను ఏకకాలంలో నడపడం, ధ్వని కొన్ని సెకనులు ఆగితే గంట మోగించే పరికరాన్ని అమర్చడం, దూరంగా మరొక కేంద్రాన్ని సిద్ధంగా ఉంచడం వాడుకలో ఉన్నాయి. నిశ్శబ్దాన్ని పసిగట్టే పరికరం తప్పుడు కార్యక్రమాన్ని పసిగట్టలేదు. విషాద వార్త వెలువడిన క్షణంలో హాస్య ప్రకటన వస్తే యంత్రం దృష్టిలో అంతా సవ్యమే.

భారతదేశంలో

భారతదేశంలో మొదటి ప్రైవేటు ఎఫ్ఎం కేంద్రం 2001లో బెంగుళూరులో మొదలైంది. హైదరాబాదులో ప్రైవేటు ఎఫ్ఎం 2006లో వచ్చింది. టేపుల యుగాన్ని చూడకుండా నేరుగా కంప్యూటరుతోనే పుట్టిన కేంద్రాలివి. 2011లో ప్రకటించిన మూడవ దశ విధానం ఒకే సంస్థకు చెందిన కేంద్రాలు కార్యక్రమాలను పంచుకోవడానికి అనుమతించింది. చిన్న పట్టణాల కేంద్రాలకు ఇది ఖర్చు తగ్గించే మార్గం. ఒక ఊరి మాటను మరొక ఊరికి వినిపించే మార్గం కూడా. సామాజిక రేడియో కేంద్రాలు ఖరీదైన సాఫ్టువేరును కొనలేవు. అటువంటివారికి రివెండెల్, లిబ్రెటైమ్ వంటి ఉచిత సాఫ్టువేరులు ఉన్నాయి. టెలివిజన్ తెరపై అక్షరాలను, దృశ్యాలను నడిపే క్యాస్పర్‌సీజీని స్వీడన్ ప్రభుత్వ రంగ టెలివిజన్ తయారు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చింది.

ప్రైవేటు ఎఫ్ఎం కేంద్రాలు సొంతంగా వార్తలు తయారు చేసి చదవరాదు. ఆకాశవాణి వార్తలను మాత్రం మార్పు లేకుండా ప్రసారం చేయవచ్చు. వాతావరణం, రాకపోకలు, స్థానిక పాలనా యంత్రాంగం అందించే ప్రకృతి వైపరీత్యాల హెచ్చరికలు ఈ నిషేధం కిందికి రావు. తుపానులు తరచుగా తాకే ఆంధ్ర తీరానికి ఈ మినహాయింపు ముఖ్యమైనది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినపుడు విద్యుత్తు, సెల్‌ఫోను సేవలు రోజుల తరబడి దెబ్బతిన్నాయి. అటువంటి సమయంలో బ్యాటరీతో పనిచేసే రేడియోకు మించిన సాధనం ఇంటిలో ఉండదు. ఆ రేడియోలో ఏమి వినిపిస్తుందన్నది కేంద్రంలో ఆ గంటకు ఎవరున్నారన్న దానిపై ఆధారపడుతుంది.

కృత్రిమ మేధ

ఇటీవలి వరకు సాఫ్టువేరు మనుషులు రికార్డు చేసిన మాటలను వరుసలో పెట్టేది. ఇప్పుడు మాటలను కూడా తానే తయారు చేస్తున్నది. 2023 జూలైలో ఒడిశాకు చెందిన ఓటీవీ లీసా అనే కృత్రిమ వార్తా ప్రయోక్తను పరిచయం చేసింది. దూరదర్శన్ రైతుల కోసం నడిపే డీడీ కిసాన్ 2024 మేలో క్రిష్, భూమి అనే ఇద్దరు కృత్రిమ ప్రయోక్తలను తెరపైకి తెచ్చింది.

2024 అక్టోబరులో పోలెండ్‌లోని ఆఫ్ రేడియో క్రాకో మూడు కృత్రిమ గొంతులతో కార్యక్రమాలను ప్రారంభించింది. వాటిలో ఒకటి, 2012లో మరణించిన కవయిత్రి, నోబెల్ బహుమతి గ్రహీత విస్వావా షింబోర్స్కాతో సంభాషణ జరిపినట్లు ప్రసారం చేశారు. ఉద్యోగాలు పోయిన పాత్రికేయులు, శ్రోతలు నిరసన తెలిపారు. మూడు నెలలు అనుకున్న ప్రయోగాన్ని సుమారు వారానికే ఆపివేశారు.

ఆస్ట్రేలియాలో కథ మరొక విధంగా నడిచింది. సిడ్నీ కేంద్రంగా గల కాడా అనే రేడియోలో థై అనే ప్రయోక్త పనిదినాలలో రోజుకు నాలుగు గంటల పాటల కార్యక్రమాన్ని నిర్వహించింది. ఆ గొంతు ఒక ఉద్యోగిని గొంతు ఆధారంగా కంప్యూటరు తయారు చేసినదని సుమారు ఆరు నెలల తరువాత, 2025 ఏప్రిల్‌లో వెల్లడైంది. ప్రయోక్త మనిషి కాదని శ్రోతలకు చెప్పి తీరాలన్న నిబంధన ఆనాటికి అక్కడ లేదు.